బంతి దగ్గర ధైర్యం ఎలా పుడుతుంది?

సాయంత్రం ఆరు దాటాక చిక్కడపల్లి సందుల్లో చూడండి. వరుసగా నిలిపిన స్కూటర్ల మధ్య, రెండు జతల చెప్పులు గోల్‌పోస్టులుగా పెట్టుకుని పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటారు. వాళ్లలో పదేళ్ల పిల్లాడొకడు బంతితో ముగ్గురిని తప్పించుకుని పోతాడు. మ్యాన్‌హోల్ మూత తగిలి బంతి ఎటో ఎగిరినా దాన్ని వదిలిపెట్టడు. "ఇటియ్యిరా" అని పక్కవాడు అరిచేలోగా గోల్ కొట్టేస్తాడు.

అదే పిల్లాడు ఆదివారం జెర్సీ తొడుక్కుని అండర్-12 మ్యాచ్‌లోకి దిగితే కాళ్లు ఆడవు. బంతి తన వైపు వస్తుంటే రెండడుగులు వెనక్కి వేస్తాడు. వచ్చిన బంతిని ఎవరికి పడితే వాళ్లకు తన్నేస్తాడు. గీత బయట నుంచి నాన్న కేకేస్తాడు: "ఏమైందిరా నీకు? రోజూ మంచిగనే ఆడుతవ్ కదా!"

నిజమే, ఏమైంది? కాళ్లు అవే, బంతి అదే. వారం రోజుల్లో ఆట మరచిపోయే ప్రశ్నే లేదు. ఇంట్లో దీనికి సాధారణంగా వినిపించే జవాబు "వాడికి ధైర్యం తక్కువ" అని. కొందరికి పుట్టుకతోనే ధైర్యం వస్తుందనీ, కొందరికి రాదనీ మన నమ్మకం. గత యాభై ఏళ్ల మనస్తత్వ శాస్త్ర పరిశోధనలు మాత్రం వేరే సంగతి చెబుతున్నాయి. ఆత్మవిశ్వాసం తయారయ్యే వస్తువు. అది ఏ ముడిసరుకుతో తయారవుతుందో, ఏ పరిస్థితిలో విరిగిపోతుందో చాలావరకు తెలిసింది. అంతకన్నా ముందే ఆత్మవిశ్వాసాన్ని తయారుచేసే పని మైదానంలో చేసి చూపించిన మాస్టారు మన హైదరాబాద్‌లోనే, నారాయణగూడ పక్కనున్న కాచిగూడ బడిలో పాఠాలు చెప్పారు.

నమ్మకానికి నాలుగు దారులు

కెనడాలో పుట్టి అమెరికాలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ఒక సిద్ధాంతం ప్రచురించారు. "ఈ పని నేను చేయగలను" అన్న నమ్మకం మనిషికి నాలుగు వైపుల నుంచి వస్తుందని ఆయన చెప్పారు.

మొదటిది, అన్నిటికన్నా బలమైనది, సొంత అనుభవం. నిన్న కుదరని పని ఈరోజు కుదిరితే మనసు దాన్ని సాక్ష్యంగా రాసుకుంటుంది. రెండోది, తనలాంటి వాళ్లను చూడడం. మెస్సీ ఆట చూస్తే పిల్లాడికి ఆనందం కలుగుతుంది. పక్క అపార్ట్‌మెంట్‌లోని తన ఈడువాడు ఎడమకాలితో గోల్ కొడితే మాత్రం "అయితే నేనూ కొట్టగలను" అనిపిస్తుంది. మూడోది, నమ్మదగిన మనిషి చెప్పే మాట. నాలుగోది, శరీరం పంపే సంకేతం. గుండె దడదడలాడుతుంటే దాన్ని "భయపడుతున్నాను" అని చదువుకోవచ్చు, "సిద్ధంగా ఉన్నాను" అనీ చదువుకోవచ్చు.

మనం ఎక్కువగా వాడేది మూడో దారిని. "నువ్వు చేయగలవు", "నువ్వు సింహానివి", "భయపడకు" అంటాం. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. పొగడ్త తోడు లాంటిది. గోరువెచ్చటి పాలు గిన్నె నిండా ఉంటే ఒక్క చెంచా తోడుతో తెల్లారేసరికి పెరుగు తయారవుతుంది. పాలే లేని గిన్నెలో ఎన్ని చెంచాల తోడు వేసినా చివరికి మిగిలేది పులుపే. పిల్లాడి సొంత అనుభవం ఆ పాలు. ఈ వారం తాను నేర్చుకున్నది ఫలానా అని వాడికే తెలిసి ఉంటే కోచ్ సార్ చెప్పే ఒక్క మాట చాలు. అది తెలియకుండా పొగిడితే, ఆ మాటలో నిజం లేదని పిల్లలు ఇట్టే పసిగడతారు.

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కూ సివిల్స్‌కూ చదివే వేలమంది యువతకు ఇది కొత్త కాదు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే కుర్చీ పట్టుకునే అభ్యర్థిని అడగండి. ధైర్యం ఉపన్యాసం వింటే వచ్చిందా, వరుసగా రాసిన మాక్ టెస్టుల్లో మార్కులు మెల్లగా పెరుగుతుంటే వచ్చిందా అని. జవాబు మీకూ తెలుసు.

తెలిసిన కాలే ఎందుకు తడబడుతుంది?

మరి మన పిల్లాడికి సొంత అనుభవం ఉంది కదా? సందులో వందల గోల్స్ కొట్టాడు కదా? అయినా మ్యాచ్‌లో ఎందుకు తడబడ్డాడు?

దీనికి జవాబు 2002లో అచ్చయిన ఒక ప్రయోగంలో దొరుకుతుంది. సియాన్ బైలాక్, థామస్ కార్, వాళ్ల సహచరులు ఫుట్‌బాల్ ఆటగాళ్లతో వరుసగా పెట్టిన కోన్‌ల మధ్య డ్రిబ్లింగ్ చేయించారు. ఒకసారి, బంతిని పాదంలో ఏ వైపుతో తాకుతున్నారో గమనిస్తూ ఆడమన్నారు. ఇంకోసారి, టేపులో వినిపించే మాటలను వింటూ, ఫలానా మాట రాగానే పైకి చెబుతూ ఆడమన్నారు. అంటే బుర్రను ఆట మీద నుంచి పక్కకు లాగారు.

అనుభవం ఉన్నవాళ్లు కుడికాలితో ఆడినప్పుడు, పాదాన్ని గమనిస్తూ ఆడితే నెమ్మదించారు. మాటలు వింటూ ఆడినప్పుడు వేగంగా సాగిపోయారు. అదే ఆటగాళ్లను అలవాటు లేని ఎడమకాలు వాడమనేసరికి ఫలితం తిరగబడింది. ఇప్పుడు పాదాన్ని గమనిస్తూ ఆడితేనే బాగా వచ్చింది. కొత్తగా నేర్చుకుంటున్న వాళ్లకు ఏ కాలైనా అంతే, గమనిస్తేనే మేలు జరిగింది.

కారణం ఇది. కొత్త పని నేర్చుకునేటప్పుడు ప్రతి అడుగునూ బుర్ర దగ్గరుండి నడిపించాలి. బాగా అలవాటైన పనిని శరీరం తనంతట తాను చేసుకుపోతుంది. అప్పుడు బుర్ర మళ్లీ మధ్యలోకి వచ్చి "పాదం ఎక్కడుంది? మడమ సరిగ్గా తిరిగిందా?" అని అడగడం మొదలుపెడితే, ఒకే ఊపులో సాగాల్సిన కదలిక ముక్కలవుతుంది.

మ్యాచ్ రోజు జరిగేది ఇదే. సందులో పిల్లాడి ధ్యాస గోల్ మీద ఉంటుంది. మ్యాచ్‌లో నాన్న చూస్తున్నాడు, సార్ చూస్తున్నాడు, తప్పు చేస్తే బయట కూర్చోబెడతారు. దాంతో ధ్యాస గోల్ మీద నుంచి తన మీదికి తిరుగుతుంది. తనను తాను కాపలా కాసుకుంటూ ఆడతాడు. బయట నుంచి "కాలు సరిగా పెట్టరా!" అని అరిచే ప్రతి కేకా ఆ కాపలాను ఇంకా బిగిస్తుంది. అలవాటైన నైపుణ్యాన్ని మ్యాచ్ మధ్యలో సరిదిద్దబోవడమంటే దాన్ని చెడగొట్టడమే.

బాక్స్: పెనాల్టీ ముందు చూపు ఎటు పోతుంది?

భయం కళ్లలో కనిపిస్తుందంటారు. ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మార్క్ విల్సన్, గ్రెగ్ వుడ్, శామ్యూల్ వైన్ దాన్ని కొలిచి చూపించారు. 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఆటగాళ్ల కళ్లకు చూపును నమోదు చేసే పరికరం పెట్టి పెనాల్టీలు కొట్టించారు. ఒత్తిడి పెంచగానే ఆటగాళ్ల చూపు త్వరగా గోల్‌కీపర్ మీదికి పోయింది, అక్కడే ఎక్కువసేపు నిలిచింది. చూపు ఎటుంటే బంతి అటే పోయింది. మూలలకు వెళ్లాల్సిన షాట్లు మధ్యకు, కీపర్ చేతికి అందేంత దగ్గరకు పడ్డాయి.

నార్వే పరిశోధకుడు గేర్ యోర్డెట్ ప్రపంచ స్థాయి పోటీల పెనాల్టీ షూటౌట్‌లను పరిశీలించారు. "ఇది కొడితే గెలుస్తాం" అన్న స్థితిలో నూటికి 90కి పైగా షాట్లు గోల్ అయ్యాయి. "ఇది పోతే ఓడిపోతాం" అన్న స్థితిలో అది 60కి అటూఇటుగా పడిపోయింది. ఆటగాళ్లు అదే స్థాయివాళ్లు, దూరం అదే. మారింది మనసులోని లెక్క ఒక్కటే.

పిల్లలకు నేర్పాల్సింది చిన్నదే. బంతి పెట్టకముందే మూలను ఎంచుకోవాలి, ఆ మూలనే చూడాలి, ఊపిరి నింపాదిగా వదలాలి, కొట్టాలి. గుండె కొట్టుకుంటుంటే "భయపడకు" అనకండి. "ఒళ్లు ఆటకు రెడీ అవుతోందిరా" అనండి. 2014లో హార్వర్డ్ పరిశోధకురాలు ఆలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రచురించిన ప్రయోగాల్లో, ప్రసంగానికి ముందు ఆందోళనను అణచుకోవాలని చూసిన వాళ్లకన్నా, దాన్ని ఉత్సాహమని తమకు తాము చెప్పుకున్నవాళ్లు మెరుగ్గా రాణించారు.

కాచిగూడ మాస్టారి వింత టోర్నమెంట్లు

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదువుకున్నారు. కాచిగూడ మిడిల్ స్కూల్‌లో, ఆ తరువాత ఇంకొన్ని బడుల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని పిల్లలకు ఆటలు నేర్పారు. 1943 నుంచి 1963లో కన్నుమూసే దాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణాలు సాధించింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన కథే.

ఆయన పెట్టిన కొన్ని టోర్నమెంట్ల గురించి మాత్రం తక్కువమందికి తెలుసు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, పాస్ మాత్రమే ఇవ్వాలి. ఇంకొకదాంట్లో బలహీనమైన కాలితో ఆడాలి. రెండు కాళ్లూ సమానంగా ఆడాలని, ఒకరి దగ్గరే ఉండిపోకుండా జట్టు మొత్తం మధ్య బంతి తిరగాలని ఆయన ఉద్దేశం.

పైన చెప్పిన కోన్‌ల ప్రయోగాన్ని పక్కన పెట్టుకుని ఆలోచిస్తే ఆ టోర్నమెంట్ల లోతు తెలుస్తుంది. అందరూ ఎడమకాలితో ఆడాల్సి వస్తే ఏమవుతుంది? స్టార్ ఆటగాడు కూడా కొత్తగా నేర్చుకునేవాడే అవుతాడు. తప్పులు అందరూ చేస్తారు, కాబట్టి తప్పుకు సిగ్గుపడాల్సిన పని ఉండదు. బుర్ర పాదాన్ని గమనించడం ఇక్కడ మేలు చేస్తుంది. పైగా రోజురోజుకూ వచ్చే మార్పు కంటికి కనిపిస్తుంది. పోయిన వారం ఎడమకాలితో పది అడుగులు కూడా పోని బంతి ఈ వారం గోల్ దాకా పోతుంది. బండూరా చెప్పిన మొదటి దారి, సొంత విజయం, ప్రతి పిల్లాడికీ తెరుచుకుంటుంది. డ్రిబ్లింగ్ లేని ఆటలోనూ ఇంతే. జట్టులో అందరికన్నా బెరుకైన పిల్లాడికి కూడా బంతి అందుతుంది, ఎందుకంటే ఇవ్వక తప్పదు.

ఆత్మవిశ్వాసం పాఠమే చెప్పాల్సిన అవసరం లేకుండా, అది పుట్టే పరిస్థితిని ఆటలోనే అమర్చారు ఆ మాస్టారు.

సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాంది పేద కుటుంబం. హైదరాబాద్ దాకా ప్రాక్టీసుకు వచ్చే స్తోమత లేదన్న ఆ కుర్రాడికి సైకిల్ అద్దెకు డబ్బులిచ్చి పిలిపించుకున్నారు రహీం. ఇరవై ఏళ్లకే బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ చేశాడు. "నువ్వు గొప్పవాడివవుతావు" అన్న మాటకన్నా, రేపు ప్రాక్టీసుకు రాగలిగే ఏర్పాటు గట్టిగా పనిచేస్తుంది. నిన్ను నమ్మి ఒకరు ఖర్చు పెట్టారన్నది కుర్రాడికి కనిపించే రుజువు.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో కూడా రుజువు నుంచే నమ్మకం పుట్టడం కనిపిస్తుంది. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో భారత్ 0-2తో ఓడింది. తరువాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచింది. సెప్టెంబరు 4న ఫైనల్లో, స్టేడియం అంతా తమకు వ్యతిరేకంగా అరుస్తుండగా, తమను ఓడించిన ఆ కొరియా జట్టునే 2-1తో ఓడించింది. గోల్స్ కొట్టింది పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్‌ను ముందు వరుసలోకి పంపింది రహీమే. తొలి ఓటమికీ ఫైనల్‌కూ మధ్య ఆ జట్టు మూడు గెలుపులను కూడబెట్టుకుంది.

ఆడాలన్న కోరికను ఎవరు ఆర్పేస్తారు?

ధైర్యం ఉంటే చాలదు, రేపు మళ్లీ రావాలనిపించాలి. దీన్ని ప్రోత్సాహం అంటాం, వెంటనే కప్పులు, మెడల్స్, సైకిల్ కొనిస్తానన్న మాట గుర్తుకొస్తాయి.

1973లో అమెరికాలో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ నర్సరీ పిల్లలతో చేసిన ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. ఆ పిల్లలందరికీ స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టం. కొందరికి "బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తరువాత బహుమతి ప్రస్తావన లేకుండా పెన్నులు ముందుంచితే, ముందే బహుమతి ఆశ చూపిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మలు వేశారు. ఇష్టంగా చేసే పని కూలికి చేసే పనిగా మారింది. కూలి ఆగితే పనీ ఆగింది.

ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయన్ దశాబ్దాల పరిశోధనతో ఇంకా స్పష్టంగా చెప్పారు. లోపలి నుంచి పుట్టే ఇష్టం మూడింటి మీద నిలబడుతుంది. కొంతైనా తన ఇష్టప్రకారం చేసే వీలు, పని చేతనవుతోందన్న అనుభవం, తనవాళ్లన్న బంధం. పిల్లలకు "ఈరోజు చివరి పది నిమిషాలు ఏ ఆట ఆడదాం?" అని ఎంచుకోనివ్వడం మొదటిది. ఎడమకాలి పాస్‌లు పోయిన వారం ఎన్ని, ఈ వారం ఎన్ని అని వాళ్లతోనే లెక్క పెట్టించడం రెండోది. ఆడినా ఆడకపోయినా పేరు పెట్టి పిలిచే జట్టు ఉండడం మూడోది.

ర్యాంకులతో పెరిగే మన ఇళ్లలో ఈ మూడూ ఎండిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు. ఆట నుంచి తిరిగొచ్చిన బిడ్డను మొదట అడిగే ప్రశ్న "గెలిచారా?" అనే. రెండోది "నువ్వెన్ని గోల్స్ కొట్టినవ్?" అని. ఈ రెండింటికీ జవాబు పిల్లాడి చేతిలో పూర్తిగా లేదు. తన చేతిలో లేని దానితో తనను కొలుస్తారని తెలిసిన పిల్లాడు మెల్లగా ఆట మానేస్తాడు. కారణం అడిగితే కడుపునొప్పి అంటాడు.

కోచ్ నోటి నుంచి వచ్చే మాట

వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మాల్ పిల్లల బేస్‌బాల్ కోచ్‌లకు కొద్ది గంటల శిక్షణ ఇచ్చారు. నేర్పింది సులువైన విషయాలే. మంచి ప్రయత్నం కనిపించగానే చెప్పండి. తప్పు జరిగితే ముందు ధైర్యం చెప్పి, తరువాత ఎలా సరిదిద్దుకోవాలో చెప్పండి. వెక్కిరించకండి, శిక్షించకండి. నిలుచోబెట్టి అరవకండి.

1992లో వాళ్లు, నికోల్ బార్నెట్ కలిసి ప్రచురించిన ఫలితం ఇది. మామూలు కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్లో మరుసటి ఏడాదికి నూటికి 26 మంది ఆట మానేశారు. శిక్షణ పొందిన కోచ్‌ల దగ్గర మానేసినవాళ్లు నూటికి ఐదుగురే. గెలుపోటముల్లో మాత్రం రెండు వర్గాల జట్లకూ తేడా లేదు. అంటే గెలుపు పిల్లలను ఆటలో నిలబెట్టలేదు. మాట నిలబెట్టింది. ముందే తమ మీద తమకు నమ్మకం తక్కువున్న పిల్లలకే ఇలాంటి కోచ్‌ల వల్ల ఎక్కువ మేలు జరిగిందని వాళ్ల 1979 నాటి అధ్యయనం చూపింది.

బాక్స్: డిసెంబరు పిల్లల కష్టం

ఫుట్‌బాల్‌లో వయసు విభాగాలను చాలాచోట్ల జనవరి 1 నుంచి లెక్కిస్తారు. ఒకే ఏడాది జనవరిలో పుట్టిన పిల్లాడూ, డిసెంబరులో పుట్టిన పిల్లాడూ ఒకే జట్టులో ఆడతారు. పదేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే ఎత్తులో, బరువులో, పరుగులో స్పష్టంగా కనిపించే తేడా. ఎంపికలో పెద్దగా ఉన్నవాడే కోచ్ కంట్లో పడతాడు. ఎంపికైనవాడికి ఎక్కువ ఆట, ఎక్కువ శిక్షణ దొరుకుతాయి, నిజంగానే మెరుగవుతాడు. రెండోవాడు "నాకు ఆట రాదు" అని తీర్మానించుకుంటాడు. ఎన్నో దేశాల బాలల జట్లలో ఏడాది తొలి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా ఉండడం పరిశోధకులు గమనించారు. చిన్నగా ఉన్న పిల్లాడి గురించి తీర్పు చెప్పే ముందు వాడి పుట్టిన నెల అడగండి.

చిన్న జాగా, ఎక్కువ బంతి

చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతంలో మైదానం అనేది అపురూపం. ఇందిరా పార్కు పక్కన ఎన్‌టీఆర్ స్టేడియం మైదానం ఉన్నా, పుస్తక ప్రదర్శన లాంటివి వచ్చినప్పుడు స్టాళ్లతో నిండిపోతుంది. నారాయణగూడ వై.ఎం.సి.ఏ. పేరు చెబితే బాస్కెట్‌బాల్ గుర్తొస్తుంది. వేసవి వస్తే జీహెచ్‌ఎంసీ క్యాంపులు, ఆ తరువాత మళ్లీ సందులే.

అయితే చిన్నపిల్లలకు పెద్ద మైదానం అక్కరలేదు. పదకొండు మంది చొప్పున ఆడే ఆటలో పదేళ్ల పిల్లాడికి బంతి ఎప్పుడో ఒకసారి అందుతుంది. మిగతా సమయమంతా దూరం నుంచి చూస్తూ నిలబడతాడు. నలుగురు చొప్పున బాస్కెట్‌బాల్ కోర్టంత జాగాలో ఆడితే బంతి మాటిమాటికీ కాలికి తగులుతుంది. ఎన్నిసార్లు తగిలితే అన్ని ప్రయత్నాలు, అన్ని చిన్న చిన్న గెలుపులు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2018లో బేబీ లీగ్‌లను ప్రవేశపెట్టింది కూడా చిన్న జట్లతో, చిన్న మైదానాల్లో ఆడించాలనే.

ఆడపిల్లలకు ఈ జాగా ఇంకా అవసరం. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు ఆడింది. 2024-25కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా సమాఖ్య అవార్డు అందుకుంది. తనలాంటి అమ్మాయి అంత దూరం వెళ్లిందని తెలిసిన పిల్లకు బండూరా చెప్పిన రెండో దారి తెరుచుకుంటుంది. ఆ అమ్మాయి గురించి మీ ఇంటి ఆడపిల్లకు చెప్పండి. చెప్పి ఊరుకోకండి, ఆడడానికి పంపండి.

మన వంతు

ఇందులో ఖర్చయ్యేది ఏమీ లేదు. అపార్ట్‌మెంట్ సంఘాలు సెల్లార్లలో, ఖాళీ జాగాల్లో వారానికి రెండు సాయంత్రాలు పిల్లలకు వదలాలి. పాఠశాలలు నెలకోసారి రహీం మాస్టారి పద్ధతిలో ఎడమకాలి టోర్నమెంటో, డ్రిబ్లింగ్ లేని టోర్నమెంటో పెట్టాలి, అందులో ప్రతి పిల్లనూ ఆడించాలి. కోచ్‌లు సరిదిద్దే పనిని ప్రాక్టీసుకు ఉంచుకుని, మ్యాచ్‌లో పిల్లలను ఆడనివ్వాలి.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. మ్యాచ్ జరుగుతుంటే గీత బయట నుంచి సలహాలు అరవకండి, చప్పట్లు కొట్టండి. ఇంటికి వెళ్లే దారిలో "గెలిచారా?" అని అడగకండి. "ఈరోజు కొత్తగా ఏం ప్రయత్నించినవ్?" అని అడగండి, చెప్పేది చివరిదాకా వినండి. ఈ వారం నుంచే మొదలుపెట్టండి.